ఇంటి చెత్త వేరుచేయడం: పన్ను కట్టేవాడికి గిట్టుబాటేనా?

హొరమావు కోశాధికారి

సభ్యులందరికీ నమస్కారం. కడపలో ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకు ఉద్యోగం చేసి, పదవీ విరమణ తరవాత కొడుకు దగ్గరికి బెంగళూరు వచ్చి నాలుగేళ్లయింది. మాది హొరమావు వైపు 48 ఫ్లాట్ల సముదాయం. లెక్కలు తెలిసినవాడు, పైగా తీరిక ఉన్నవాడు అని అసోసియేషన్ వారు కోశాధికారి పనిని నా నెత్తిన పెట్టారు. కాబట్టి ఈ ప్రశ్నను పర్యావరణం మీద ప్రేమతోనో కోపంతోనో కాక, జమాఖర్చుల పుస్తకం ముందు పెట్టుకుని అడుగుతున్నానని మొదటే మనవి చేసుకుంటున్నాను.

ఆస్తి పన్నులో చెత్త సెస్సు ఎప్పటి నుంచో ఉంది. అది కాక 2025 ఏప్రిల్ నుంచి కట్టడం విస్తీర్ణాన్ని బట్టి చెత్త రుసుము కూడా మొదలైంది. మొదలైనప్పటి లెక్కన 600 చదరపు అడుగుల లోపు ఇంటికి నెలకు 10 రూపాయలు, 1,000 వరకు 50, 2,000 వరకు 100, ఆ పైన ఇంకా ఎక్కువ. మా ఫ్లాట్లన్నీ 1,200 నుంచి 1,400 అడుగుల మధ్యవి కనుక ఇంటికి ఏడాదికి 1,200 రూపాయలు, సముదాయం మొత్తానికి 57,600. ఇది నగరానికి కట్టేది మాత్రమే.

లోపలి ఖర్చు వేరే ఉంది. ఎన్నిసార్లు చెప్పినా తడి, పొడి కలిపి పెట్టే ఇళ్లు పది దాకా ఉంటాయి కనుక, కింద పార్కింగ్‌లో మళ్లీ వేరుచేయడానికి ఒక ఆయమ్మను పెట్టుకున్నాం. ఆమెకు నెలకు 6,000 ఇస్తాం. ఆమె వేరుచేసిన అట్టపెట్టెలు, సీసాలు, ప్లాస్టిక్ గుజరీ అంగడికి, అంటే పాత సామాను కొనేవాడికి వేస్తే పోయిన నెల వచ్చింది 1,900. అంటే ఏడాదికి 72,000 ఖర్చు, 22,800 రాబడి, 49,200 నష్టం. ఇంటికి నెలకు 85 రూపాయలు పడుతుంది. పెద్ద మొత్తం కాదనవచ్చు, కానీ ఏ వ్యాపారంలోనైనా మూడు రూపాయలు పెట్టి రూపాయి తెచ్చుకునేవాణ్ణి మనం తెలివైనవాడని అనం కదా.

ఇంకొక సంగతి. మా కోడలు పెరుగు డబ్బాలను కడిగి ఆరబెట్టి గానీ పొడి చెత్తలో వెయ్యదు. కడిగేది ట్యాంకర్ నీళ్లతో. 2024 వేసవిలో ఒక్క ట్యాంకర్ కోసం మేము రెండు రోజులు ఎదురుచూసిన సందర్భం ఉంది. పారేసే డబ్బాకు స్నానం చేయించడానికి నీళ్లు కొనుక్కోవడం ఏ లెక్కకూ అందడం లేదు. ఇంత చేసిన తరవాత, గత నెలలో ఒక ఉదయం మా వీధి చివర ఆటో టిప్పర్ నుంచి పెద్ద బండిలోకి చెత్త ఎక్కిస్తుండగా నిలబడి చూశాను. మేము మూడు రకాలుగా ఇచ్చినది ఒకే నోట్లోకి పోయింది.

ఇంటింటి నుంచి పొడి చెత్తను విడిగా సేకరించి మళ్లీ వాడకంలోకి తేవడానికి పన్ను కట్టేవాడు పెడుతున్న ఖర్చుకు తగిన ఫలం ఉన్నదా? ఉంటే అది ఎవరి ఖాతాలో పడుతున్నది? తెలిసినవారు లెక్కతో చెబితే వచ్చే సర్వసభ్య సమావేశంలో చదివి వినిపిస్తాను.

సర్జాపుర రోడ్డు

కోశాధికారి గారికి నమస్కారం. మీ అనుమానం కొత్తది కాదండీ. నేను న్యూజెర్సీలో పద్నాలుగేళ్లు ఉండి వచ్చాను. ఏటి అవతలి న్యూయార్క్ నగరం ఇదే ప్రశ్నను 2002లో అడిగి, గిట్టదని జవాబు కూడా చెప్పుకుంది. అప్పటి మేయర్ బ్లూంబర్గ్, నగర ఖజానా ఇబ్బందిలో ఉందనీ, గాజును, ప్లాస్టిక్‌ను విడిగా సేకరించడం మామూలు చెత్తగా పారవేయడం కన్నా ఖరీదు అవుతున్నదనీ చెప్పి ఆ రెంటి సేకరణను ఆపించారు. కాగితాన్ని, లోహాన్ని మాత్రం ఆపలేదు. ఎందుకంటే వాటికి కొనేవాడు ఉన్నాడు. ప్లాస్టిక్ సేకరణ 2003లో, గాజుది 2004లో తిరిగి మొదలయ్యాయి.

రెండో దెబ్బ చైనా నుంచి పడింది. అమెరికాలో చాలా ఊళ్ల ఇళ్లలో కాగితం, సీసా, డబ్బా, ప్లాస్టిక్ అన్నీ ఒకే పెద్ద డబ్బాలో వేస్తారు, వేరుచేయడం యంత్రాల పని. అలా వేరుచేసిన దానిలో పగిలిన గాజు పెంకులు, పిజ్జా నూనె అంటిన అట్టలు కలిసే ఉంటాయి. దాన్ని ఏళ్ల తరబడి ఓడల్లో చైనాకు పంపి, రీసైకిల్ చేశామని అక్కడి నగరాలు చెప్పుకునేవి. 2018లో చైనా 24 రకాల వ్యర్థాల దిగుమతిని నిషేధించి, మిగిలిన రకాల్లో కల్తీ అర శాతానికి మించరాదని నిబంధన పెట్టింది. అప్పటిదాకా కొంత రాబడి తెచ్చిన సరుకును వదిలించుకోవడానికి ఎదురు డబ్బు ఇవ్వవలసిన స్థితి వచ్చింది. చాలా చిన్న ఊళ్లు సేకరణనే మానుకున్నాయి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వస్తువును తిరిగి వాడకంలోకి తేవడం ఒక వ్యాపారం. లాభం ఉన్నచోటికి వ్యాపారి తానే వస్తాడు. అల్యూమినియం డబ్బా ఉంది. ఖనిజం నుంచి కొత్త లోహం తీయడానికి పట్టే శక్తిలో సుమారు 5 శాతంతోనే పాత డబ్బాను కరిగించవచ్చు కనుక, దాన్ని రోడ్డు మీద వదిలినా గంటలో ఎవరో ఒకరు ఏరుకుపోతారు. ఆ పనికి మునిసిపాలిటీ అక్కరలేదు. మన చిన్నతనంలో పాత పేపర్లకు, ఖాళీ సీసాలకు ఇంటి ముందుకు వచ్చి తూకం వేసి డబ్బులిచ్చి తీసుకుపోయేవాడు ఉండేవాడు కదా. ఆ తూకంలో మోసం ఉండేది, అది వేరే సంగతి. బెంగళూరులో గుజరీ అంగడి లేని పేట నాకు కనబడలేదు. అమెరికావాడు డబ్బిచ్చి చేయించుకునే పనికి మనకు ఎదురు డబ్బు వస్తున్నప్పుడు, దాని పక్కన పన్నుల సొమ్ముతో ఇంకొక వ్యవస్థను నిలబెట్టడం అనవసరమని నాకు తోస్తున్నది. గుజరీవాడు ముట్టనిదాన్ని పన్నుల సొమ్ముతో ముట్టుకోవడం వృథా అన్నది నా మాట.

ఎండుటాకు

ఇద్దరికీ నమస్కారం. నేను దక్షిణ బెంగళూరులో ఒక వార్డు పొడి చెత్త కేంద్రానికి ఆరేళ్లుగా వారానికి రెండు రోజులు వెళ్లి లెక్కలు రాసిపెడుతున్నాను. జీతం లేదు. కాబట్టి నా మాటను స్వార్థం లేనిదిగానే తీసుకోవచ్చు, అభిమానం మాత్రం ఉంది.

సర్జాపుర రోడ్డు గారు చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటాను. గుజరీ వ్యాపారం పన్నుల మీద ఆధారపడింది కాదు. మన నగరంలోని జాలీ మొహల్లా సందుల్లో, నాయండహళ్లి ప్లాస్టిక్ షెడ్లలో జరిగే వ్యాపారం ఏ ప్రభుత్వమూ పెట్టించినది కాదు. కానీ గుజరీవాడు ఏది కొంటాడో, ఎప్పుడు కొనడో మా కేంద్రంలో ఒక పూట కూర్చుంటే తెలుస్తుంది. మా దగ్గర వేరుచేసే పెద్దమ్మ ఒకావిడ ఉంది, మాట హిందూపురం యాస. ప్లాస్టిక్ ముక్కను చేతిలోకి తీసుకుని ఒకసారి నలిపి, చప్పుడు విని ఏ గుట్టలో వెయ్యాలో చెబుతుంది. నేను దాని మీద ముద్రించిన త్రికోణంలో ప్లాస్టిక్ రకాన్ని తెలిపే అంకెను కళ్లజోడు సవరించుకుని చదివేలోగా ఆమె నాలుగు ముక్కలు వేసేస్తుంది. నీళ్ల సీసాలు ఒక వైపు, షాంపూ డబ్బాలు ఒక వైపు, పాల కవర్లు ఒక వైపు, అట్టలు, రాసిన తెల్ల కాగితం, వార్తాపత్రిక వేరువేరుగా పోతాయి. ఇవన్నీ ధర ఉన్నవే. కానీ అదే పాల కవరు లోపల విరిగిన పాలు ఉంటే, అదే అట్టపెట్టె సాంబారులో నానితే, వాటికి ధర సున్నా. అప్పుడు అవి ఎత్తి పారవేయడానికి మనమే డబ్బు పెట్టవలసిన సరుకు అవుతాయి. తడి, పొడి చెత్తలు వేరుగా ఉన్నంతసేపే గుజరీవాడు ఉంటాడు. ఆ వేరుచేయించడమే పన్నుల సొమ్ముతో జరగవలసిన పని. కొనుగోలు, అమ్మకం వారికే వదిలెయ్యండి, అభ్యంతరం లేదు.

పెరుగు డబ్బా సంగతి కూడా అంతే. దాన్ని తళతళలాడించనక్కరలేదు, అడుగున పెరుగు మిగిలి కుళ్లి పక్కనున్న కాగితాన్ని పాడుచేయకపోతే చాలు. 2024లో జిల్లా యంత్రాంగం 12,000 లీటర్ల ట్యాంకరుకు అయిదు కిలోమీటర్ల లోపు 1,000 రూపాయలని ధర కట్టింది. ఆ లెక్కన అర లీటరు నీళ్లు నాలుగు పైసలు. నేనైతే ఆ నాలుగు పైసలు కూడా పెట్టను. బియ్యం కడిగిన నీళ్లలో ఒకసారి జాడించి బోర్లిస్తాను.

ఇక కోశాధికారి గారి అసలు ప్రశ్నకు వస్తాను. మీరు రాబడి పక్కన 1,900 అని రాసి అక్కడే ఆగిపోయారు. ఇంటి చెత్తలో బరువంతా తడి చెత్తదే. మన నగరాల్లో సగానికి పైగా అదే ఉంటుంది. ఆ బరువులోనూ ఎక్కువ భాగం నీరు. వేరుచేయకపోతే మనం పన్ను కట్టి లారీల్లో ఊరి బయటికి మోయించేది ప్రధానంగా నీళ్లనే. అక్కడ గుట్టగా పోసిన తరవాత గాలి తగలని లోపలి పొరల్లో అది కుళ్లి మండే మీథేన్ వాయువు పుడుతుంది, అడుగున నల్లటి రసం కారి భూమిలోకి దిగుతుంది. ఈ ఖర్చు మీ పుస్తకంలో కనబడదు. వేరొకరి పుస్తకంలో ఉంటుంది.

ఎవరి పుస్తకమో బెంగళూరుకు తెలియనిది కాదు. నగరపు చెత్త పోసే యార్డు ఉన్న మావళ్లిపుర గ్రామస్థులు ఇక మా వల్ల కాదని అడ్డుపడి, 2012లో ఆ యార్డు మూతపడినప్పుడు ఈ నగరం వీధి వీధినా గుట్టలు చూసింది. ఆ తరవాత లారీలు మండూరు అనే మరో ఊరి మీదికి మళ్లాయి. ఆ ఊరివాళ్లూ రోడ్డెక్కితే 2014 డిసెంబరు 1 నుంచి అక్కడా ఆపవలసి వచ్చింది. రెండు డబ్బాలు, ఒక సంచి అన్న పద్ధతిని హైకోర్టు 2015 చివర్లో తప్పనిసరి చేసింది ఈ పూర్వరంగంలోనే. పచ్చ డబ్బా తడికి, ఎర్ర డబ్బా డైపర్ల వంటి వాటికి, సంచి పొడికి. ఎక్కడ కొత్త స్థలం చూసినా అక్కడ ఒక ఊరు ఉంటుంది. ఆ ఊరు ఊరుకోదు. ఊరుకోవాలని అడిగే హక్కూ మనకు లేదు.

డబ్బు లెక్కే కావాలంటే కొచ్చిని చూడండి. అక్కడి బ్రహ్మపురం చెత్త యార్డు 2023 మార్చి 2న అంటుకుని పన్నెండు రోజుల పాటు ఆ నగరం పొగలో మగ్గింది. అగ్నిమాపక బండ్లు, నౌకాదళం హెలికాప్టర్లు, ఆసుపత్రుల్లో చేరికలు, బడులకు సెలవులు. ఆ మీదట జాతీయ హరిత ట్రిబ్యునల్ కార్పొరేషన్‌ను 100 కోట్ల రూపాయలు పరిహారంగా కట్టమని ఆదేశించింది. కార్పొరేషన్ అంటే ఎవరు, పన్ను కట్టేవారే కదా.

వృథా అన్న మాట ఒకచోట వర్తిస్తుంది, దాచను. చిప్స్ ప్యాకెట్లు, బిస్కెట్ల పై కవర్లు, షాంపూ సాషేలు. ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు విడదీయరాకుండా అంటించినవి ఇవి. గుజరీవాడు ముట్టడు, మా పెద్దమ్మ చేతిలో నలిపి చూడదు కూడా. మా కేంద్రంలో స్థలాన్ని తినేసేవి ఇవే. వీటిని బేళ్లు కట్టి దూరాన ఉన్న సిమెంటు కర్మాగారాలకు బట్టీల్లో కాల్చడానికి పంపుతారు, ఆ లారీ కిరాయి కూడా ఎవరో భరించాలి. దాన్ని రీసైక్లింగ్ అనడానికి నాకు నోరు రాదు. ఆ ఖర్చు మాత్రం పన్ను కట్టేవారిది కారాదు. 2022 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఇటువంటి ప్యాకింగును మార్కెట్లోకి వదిలిన కంపెనీయే అంత పరిమాణాన్ని తిరిగి సేకరింపజేయాలి. అది కాగితం మీది సర్టిఫికెట్లతో సరిపోతున్నదా, నిజంగా మా కేంద్రం దాకా ఆ డబ్బు వస్తున్నదా అన్నది మీ సమావేశంలో అడగవలసిన ప్రశ్న. నీలగిరి జిల్లాలో 2022 నుంచి మద్యం సీసా మీద పది రూపాయలు అదనంగా వసూలు చేసి, ఖాళీ సీసా తెచ్చి ఇచ్చినవాడికి తిరిగి ఇస్తున్నారు. పైసా పన్ను లేకుండా సీసాలు అడవిలోంచి అంగడికి నడిచి వస్తున్నాయి.

మీరు చూసిన ఒకే నోటి బండి విషయంలో నేను ఎవరినీ వెనకేసుకు రాను. అలా కలిపినప్పుడు మీరు పెట్టిన 49,200, కోడలుగారి శ్రమ, రెండూ నిజంగానే వృథా.

గుంతకల్లు జంక్షన్

పెద్దలకు నమస్కారం. నేను ఇక్కడ అద్దె ఇంట్లో ఉంటున్నవాణ్ణి. రుసుము కట్టేది యజమాని, అద్దెలో కలిపి వసూలు చేసేదీ ఆయనే కాబట్టి నాకూ మాట్లాడే హక్కు ఉందనుకుంటున్నాను.

చెత్తకు డబ్బు అడిగితే ఏమవుతుందో మన ఊళ్లలో చూశాం. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021లో ఇంటింటికీ చెత్త పన్ను పెట్టినప్పుడు మా వీధిలో వసూలుకు వచ్చిన పిల్లవాడిని మా నాయనమ్మ కూర్చోబెట్టి, చెత్త తీసుకుపోతూ నాకు డబ్బు ఇవ్వాలా, నేను నీకు ఇవ్వాలా అని అడిగింది. ఆమెకు తెలిసినది పాత ఇనుప సామానువాడి లెక్క. చివరికి 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి దాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. జనం సంతోషించారు, నేనూ సంతోషించాను. అయితే పన్ను రద్దయినా బండికి డీజిలు పోయక తప్పదు, తోలేవాడికి జీతం ఇవ్వక తప్పదు. ఆ ఖర్చు పేరు లేకుండా మిగతా పన్నుల్లోంచి పోతుంది, అంతే తేడా.

బెంగళూరు రుసుములో నాకు కనబడే లోపం వేరు. చదరపు అడుగులు చెత్తను పుట్టించవు కదండీ. 1,800 అడుగుల ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దాయన, 1,100 అడుగుల ఇంట్లో ఆరుగురం కుర్రాళ్లం ఒకే రుసుము కడుతున్నాం. మేము రోజూ బయటి నుంచి తెప్పించుకునే భోజనం డబ్బాలతోనే ఒక సంచి నిండుతుంది. పైగా వేరుచేసి ఇచ్చినవాడికీ కలిపి పారేసినవాడికీ బిల్లులో తేడా లేదు. తడి చెత్తను ఇంట్లోనే ఎరువు చేసుకునేవారికి సగం తగ్గించినా చాలు, మా ఆరుగురిలో కనీసం ఒకడైనా కుండీ కొంటాడు. 2025 సెప్టెంబరులో నగరపాలక సంస్థ బీబీఎంపీ స్థానంలో అయిదు కార్పొరేషన్లు వచ్చాయి కదా, ఒక్కటైనా ఇది చేసి చూపిస్తే మిగిలిన నాలుగూ నేర్చుకుంటాయి.

సర్జాపుర రోడ్డు

ఎండుటాకు గారు తడి చెత్త గురించి చెప్పినది నేను ఆలోచించని కోణం, ఒప్పుకుంటున్నాను. నేను పొడి సరుకు వ్యాపారం గురించే మాట్లాడాను. అయితే ఎరువు వైపు కూడా లెక్క అంత తియ్యగా లేదండీ. బెంగళూరులో కూడ్లు దగ్గరి కంపోస్టు కేంద్రం 1975లో మొదలైనది, అంటే యాభై ఏళ్ల అనుభవం. అయినా నగరపు ఎరువును రైతు కొనడానికి కేంద్ర ప్రభుత్వం 2016లో టన్నుకు 1,500 రూపాయల సాయం ప్రకటించవలసి వచ్చింది. సరుకు మంచిదైతే సాయం ఎందుకు? మా నాన్నగారు ఇప్పటికీ ఒంగోలు దగ్గర మిరప వేస్తారు. ఊరి చెత్త ఎరువు చల్లితే చేలో గాజు పెంకులు, సూదులు తేలాయని చెప్పి మళ్లీ దాని జోలికి పోలేదు.

ఎండుటాకు

మీ నాన్నగారి అనుభవం నూటికి నూరు పాళ్లు నిజం. కానీ ఆ గాజు పెంకులు ఎక్కడి నుంచి వచ్చాయి? కలిపి పారేసిన ఇళ్ల నుంచే. కలిసిన చెత్తను యంత్రంలో జల్లించి చేసిన ఎరువుకూ, వంటింట్లోనే విడిగా తీసిన తొక్కలతో చేసిన ఎరువుకూ పేరు ఒకటే గానీ సరుకు ఒకటి కాదు. మీ చేలో సూది తేలడం వేరుచేయకపోవడానికి అయిన ఖర్చు. దాన్ని వేరుచేసే ఖర్చు కింద రాస్తే లెక్క తారుమారవుతుంది.

సాయం సంగతికి వస్తే, 45 కిలోల యూరియా బస్తా రైతుకు 266 రూపాయల 50 పైసలకు అందుతున్నది. మిగతాది ఖజానా భరిస్తున్నది. పక్క అంగట్లో యూరియాను అంత చవకగా పెట్టి, కంపోస్టు తన కాళ్ల మీద తాను నిలబడలేదని అనడం ధర్మం కాదు.

హొరమావు కోశాధికారి

జవాబులు ఇచ్చిన ముగ్గురికీ కృతజ్ఞతలు. వెంటనే రాయకపోవడానికి కారణం ఉంది. నేను రాబడి దగ్గరే ఆగిపోయానన్న మాట గుచ్చుకున్నది. వాచ్‌మన్ చేత ఒక వేలాడే కాటా తెప్పించి, పధ్నాలుగు రోజులు ఉదయం ఆరున్నరకు కింద నిలబడి 48 ఇళ్ల చెత్తను మూడు రకాలుగా తూయించాను. మా ఆవిడ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నుంచి స్నానం చేసి గానీ లోపలికి రానివ్వలేదు.

సగటున రోజుకు తడి 46 కిలోలు, పొడి 17, మిగిలినవి, అంటే డైపర్లు, ప్యాడ్లు, ఊడ్చిన దుమ్ము కలిపి 9. మొత్తం 72. 2016 నాటి నిబంధనల ప్రకారం రోజుకు 100 కిలోలు దాటితేనే పెద్ద ఎత్తున చెత్త పుట్టించేవారిగా లెక్కించేవారు కనుక, ఆ లెక్కన మన చెత్త మనమే చూసుకోవాలన్న నిర్బంధం మాకు ఉండేది కాదు. ఆ 17 కిలోల పొడిలో గుజరీవాడు తీసుకునేది ఏడెనిమిది కిలోలకు మించదు. వార్తాపత్రికలను ఎవరి ఇంట్లో వారు ముందే అమ్ముకుంటున్నారన్నది కూడా ఈ పరిశోధనలో బయటపడింది.

ఏడాదికి మా సముదాయం బయటికి పంపేది 26 టన్నుల పైచిలుకు. మేము కట్టే 57,600ను దానితో భాగిస్తే టన్నుకు 2,190 రూపాయలు పడుతున్నది. అందులో దాదాపు 17 టన్నులు తడి చెత్తే. అది గేటు దాటకుండా ఇక్కడే ఎరువైతే బండికి మిగిలేది తొమ్మిదిన్నర టన్నులు. ఇంతవరకు బాగానే ఉంది. అయితే అలా చేసినా మా రుసుము 57,600 నుంచి ఒక్క రూపాయి తగ్గదు. ఆదా అయ్యేది నగరానికి, మండూరు వంటి ఊళ్లకు. శ్రమ, వాసన, ఆయమ్మ జీతం మావి. గుంతకల్లు తమ్ముడు చెప్పిన రాయితీ లేకపోతే ఇది ఏ కోశాధికారీ సభలో నెగ్గించగల తీర్మానం కాదు. నా ప్రశ్నను నేనే తప్పుగా వేశానని ఇప్పుడు అనిపిస్తున్నది. ఖర్చుకు తగిన ఫలం ఉంది, కానీ ఖర్చు ఒక ఖాతాలో, ఫలం మరొక ఖాతాలో పడుతున్నాయి. బ్యాంకులో ఇలా జరిగితే సాయంత్రానికల్లా సరిచేసి గానీ ఇంటికి వెళ్లేవాళ్లం కాదు.

అయినా ప్రయత్నిద్దామని ఉంది. వెనక గోడ పక్కన పది అడుగుల జాగా ఉంది. ఎరువు తొట్లు పెట్టిద్దామని ఈ ఆదివారం సమావేశంలో అడగబోతున్నాను. ఆ జాగాకు సరిగ్గా పైన, మొదటి అంతస్తులో ఉండే ఆయన ఇప్పటికే వాసన వస్తుందని ఉత్తరం రాసి నా తలుపు కింద నుంచి తోశారు. తొట్టి ఇంకా రాలేదు, వాసన మాత్రం ఆయనకు వచ్చేసింది. ఎండుటాకు గారూ, వాసన రాకుండా చేయడానికి ఏమి కలపాలో, రోజుకు 46 కిలోలకు ఆ జాగా సరిపోతుందో చెప్పగలరా?

ఎండుటాకు

మొదటి రోజే 46 కిలోలకు దిగకండి. ముందుకు వచ్చిన పది, పన్నెండు ఇళ్ల తొక్కలతో మొదలుపెట్టండి, పది అడుగుల జాగా వాటికి సరిపోతుంది. వాసన వచ్చేది తడి ఎక్కువై గాలి ఆడనప్పుడు. ఒక పొర తొక్కలు, దాని మీద అంతే మందాన ఎండుటాకులు, రెండు మూడు రోజులకొకసారి పారతో తిరగెయ్యడం, వానాకాలంలో పైన రేకు. వండిన అన్నం, చేపల ముళ్లు మొదటి రెండు నెలలు వెయ్యనివ్వకండి. ఆకులు కొనవలసిన పని లేదు. మీ వీధి చెట్ల కింద రోజూ ఊడ్చి సంచుల్లో కట్టి పెట్టేవి ఉంటాయి, వీధులు ఊడ్చే పౌరకార్మికులను అడిగితే మీ గేటు దగ్గరే పెట్టి వెళ్తారు. మొదటి అంతస్తు ఆయనను తొట్టి మూత తీసి వేసే బాధ్యతకు పెట్టండి. మా వీధిలో అలా పెట్టిన ఆయన ఇప్పుడు తన కరివేపాకు మొక్కకు ఎరువు మిగల్చడం లేదని మా మీద ఫిర్యాదు చేస్తున్నారు.